25 అంకెల దగ్గర ఆగిపోయిన వంశం

మా అరుగు గోడ మీద వేసవి సెలవుల నుంచి ఒక సంఖ్య సుద్దముక్కతో రాసి ఉంది. దాన్ని చెరపడానికి నాకు మనసు రావడం లేదు. ఇదీ ఆ సంఖ్య:

36,08,52,88,50,36,84,00,78,60,36,725

లెక్కపెడితే 25 అంకెలు. కామాలు పక్కనపెట్టి ఎడమవైపు నుంచి ఒక్కో అంకె కలుపుకుంటూ చదవండి. 36 ఉంది, 2తో పోతుంది. 360 అయింది, 3తో పోతుంది. 3608 అయితే 4తో, 36085 అయితే 5తో, 360852 అయితే 6తో, 3608528 అయితే 7తో. ఇలాగే ఎన్ని అంకెలు తీసుకుంటే అన్నిటితో నిశ్శేషంగా పోతూ, చివరికి 25 అంకెలూ కలిసిన మొత్తం సంఖ్య 25తో పోతుంది. మధ్యలో ఎక్కడా తప్పదు. 17, 19, 23, అంటే మామూలుగా ఎవరికీ ఎక్కాలు నోటికి రాని చోట్ల కూడా శేషం సున్నాయే. ఇలాంటి వాటిని ఇంగ్లీషులో పాలీడివిజిబుల్ సంఖ్యలంటారు. వాటన్నిటిలోకీ ఇదే పెద్దది. 26 అంకెలది ఒక్కటి కూడా లేదు, ఎవరు ఎంత వెతికినా దొరకదు.

మేముండేది బరంపురంలో. మ్యాపులో బ్రహ్మపూర్ అని ఉంటుంది గానీ ఇక్కడి తెలుగువాళ్లం ఎవ్వరం అలా అనం. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం, ఆంధ్రాకి ఆ చివర. సరిహద్దు దాటి కోడలిగా ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, ఇంటిపని అయ్యాక సాయంత్రాలు మా వీధి పిల్లలకు లెక్కలు చెప్తాను. పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడతారు, కొందరికి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్కాలను సగం మంది పణికియా అంటారు. శేషం అంటే అర్థం కానివాళ్లకు భాగశేష అంటే చాలు, వెంటనే తెలిసిపోతుంది. మాటలు ఎన్ని మారినా లెక్కలో ఇబ్బంది రాదు, అందుకే నాకు ఈ పని ఇష్టం.

ఈ సంఖ్య దాకా వెళ్లడానికి కారణం ఏడో తరగతి చదివే ఒక గుంట. భాజనీయతా సూత్రాలు చెప్తున్నాను. 3కి అంకెలు కూడాలి, 4కి చివరి రెండు చూడాలి, 8కి చివరి మూడు చూడాలి, 11కి ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూడాలి, అలా. ఆ పిల్ల పుస్తకం మూసేసి "ఇవన్నీ ఎందుకు పిన్నీ, భాగారం చేస్తే తెలిసిపోదా" అంది. అడిగినదాంట్లో తప్పేం లేదు, సూత్రంతో ఏదైనా పని చేయించకపోతే అది బట్టీయే అవుతుంది. అందుకని ఒక ఆట పెట్టాను. ఆ రోజు ఏడుగురు పిల్లలు వచ్చారు, వరసగా కూర్చోబెట్టాను. మొదటివాడు ఇష్టమైన అంకె చెప్పాలి, సున్నా తప్ప. రెండోవాళ్లు దాని పక్కన ఒక అంకె రాస్తే వచ్చిన సంఖ్య 2తో పోవాలి. మూడోవాళ్లు రాసినది 3తో. ఏడుగురూ అయిపోతే మళ్లీ మొదటికొచ్చి 8తో. రాయలేకపోయినవాళ్లు ఔట్, ముందు రాసినవి చెరపకూడదు.

మొదటివాడు 7 అన్నాడు. తరవాత 74, 741, 7412, 74125, 741258. ఏడో పిల్ల దగ్గర 0 వేసినా పోతుంది, 7 వేసినా పోతుంది, ఆమె 7 వేసింది. మొదటివాడికి మళ్లీ వంతు వచ్చింది, 8తో పోవాలి, 2 వేశాడు. తొమ్మిదో వంతు పిల్లకు 0, 9 రెండూ కుదిరాయి, 0 వేసింది. పదో వంతుకి 0 తప్ప ఇంకోటి వేయలేం. ఆ తరవాత 11కి 7, 12కి 2, 13కి 0, 14కి 8. అప్పటికి గోడ మీద 74125872007208 ఉంది, పిల్లలందరూ లేచి నిలబడ్డారు. పదిహేనో వంతు ఎవరిది? 7తో మొదలుపెట్టినవాడిదే. 15తో పోవాలంటే చివర 0 గానీ 5 గానీ ఉండాలి, అంకెల మొత్తం 3తో పోవాలి. అప్పటిదాకా మొత్తం 53. సున్నా వేస్తే 53, అయిదు వేస్తే 58. రెండూ 3తో పోవు. వాడు చాలాసేపు గోడనే చూస్తూ నిలబడి, "అయితే తప్పు ఎవరిది పిన్నీ" అన్నాడు.

తప్పు ఎవరిదీ కాదు. ప్రతి ఒక్కరూ తమ వంతు సరిగ్గానే చేశారు. 11 నుంచి 14 దాకా వేయగలిగింది ఒక్కొక్క అంకే, వాళ్లకు వేరే దారి లేదు. దారి చీలింది తొమ్మిదో చోట. అక్కడికి వెనక్కెళ్లి 0 తీసి 9 వేసి మళ్లీ నడిపించాను. 74125872909662 దాకా వచ్చింది, మళ్లీ పదిహేనో చోటే ఆగింది. ఈసారి మొత్తం 68, సున్నాకీ కుదరదు, అయిదుకీ కుదరదు. మా మామగారు మగ్గం నేసిన మనిషి, ఇక్కడి పట్టుచీరలే ఆయన బతుకంతా. అరుగు చివర కూర్చుని వింటూ "పేక తప్పితే తప్పిన చోటిదాకా విప్పాలమ్మా, పైపైన సర్దితే చీర నిలవదు" అన్నారు. కంప్యూటర్ చేసే పనీ సరిగ్గా ఇదే. ఇరుక్కుంటే విప్పుకుంటూ వెనక్కొచ్చి, ఎక్కడ ఇంకో దారి ఉందో అక్కడి నుంచి మళ్లీ నేస్తుంది.

రెండో రోజు పిల్లలకు ఒక కిటుకు చెప్పాను. ఇప్పటిదాకా ఉన్న సంఖ్య పక్కన సున్నా పెట్టు, భాగించు, శేషం ఎంతొచ్చిందో చూడు. భాజకానికి అది ఎంత తక్కువైందో అంత వేస్తే చాలు. రూపాయికి ఎన్ని పైసలు తక్కువో అన్ని కలిపినట్టు. ఉదాహరణకి 7తో భాగిస్తే శేషం 3 వస్తే 4 వేయాలి. శేషం సున్నా అయితే సున్నా వేస్తే చాలు. ఇది అర్థమయ్యాక ఒక సంగతి పిల్లలకే తట్టింది: 10 దాకా ఎవ్వరూ ఔట్ అవరు. 9 దాకా ఎంత శేషం వచ్చినా తక్కువైంది 8కి మించదు, ఒక్క అంకెతో పూడిపోతుంది. 10కి ఎలాగూ సున్నా ఉంది. చిక్కంతా 11 నుంచే. 11తో శేషం 1 వస్తే 10 కావాలి, ఒక్క గడిలో 10 పట్టదు, కథ అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడే నేను కాలేజీ రోజుల్లో ఒక సాయంత్రమంతా పెట్టి చేసిన పజిల్ వీళ్లకిచ్చాను. ఇదే ఆట, తొమ్మిది అంకెల దాకా. కాకపోతే 1 నుంచి 9 వరకు ప్రతి అంకె ఒక్కసారే రావాలి. అలాంటి సంఖ్యలు ఎన్ని ఉంటాయి? తొమ్మిది అంకెలను అటూ ఇటూ మార్చి పేర్చితే 3,62,880 రకాలు వస్తాయి, అన్నీ చూడాలంటే ఈ జన్మకు కుదరదని ఒకడు పుస్తకం సర్దేశాడు. పదో తరగతి అమ్మాయి మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ఆమె, నేను కలిసి చేసినదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తాను, ఎందుకంటే ఇంత పెద్ద గుంపు ఎంత త్వరగా కరిగిపోతుందో స్వయంగా చేస్తేనే తెలుస్తుంది.

సున్నా లేదు కాబట్టి అయిదో చోట 5 ఖాయం. 2, 4, 6, 8 చోట్ల సరి అంకెలు ఉండాలి, ఉన్న సరి అంకెలు నాలుగే, అవన్నీ అక్కడికే పోతాయి. మిగిలిన 1, 3, 7, 9 బేసి చోట్లకు. మూడో చోట బేసి అంకె ఉంది కాబట్టి, మూడు నాలుగు చోట్ల జత 4తో పోవాలంటే నాలుగో చోట 2 గానీ 6 గానీ ఉండాలి. 12, 16, 32, 36, ఇలా చూసుకోండి. ఎనిమిదో చోటుకీ అదే సంగతి, అక్కడా 2 లేదా 6. అంటే 4, 8 రెండూ రెండో చోట, ఆరో చోట సర్దుకోవాలి. ఇక మొదటి మూడు అంకెలు కలిపితే 3తో పోతుంది, మొదటి ఆరు కలిపినా పోతుంది, కాబట్టి మధ్య మూడు కూడా 3తో పోవాలి. మధ్యలో 5 ఉంది. 2, 5, 8 అయితే 15. 6, 5, 4 అయినా 15. వేరేలా కుదరదు. అంతే, రెండే దారులు మిగిలాయి.

2, 5, 8 దారిలో ఎనిమిదో చోట 6 పడుతుంది, రెండో చోట 4. మొదటి మూడింటి మొత్తం 3తో పోవాలంటే 4కి అటూ ఇటూ 1, 7 తప్ప వేరేవి కుదరవు. ఆరు, ఏడు, ఎనిమిది చోట్ల అంకెలు కలిసి 8తో పోవాలి, 836 పోదు, 896 పోతుంది, అందుకని ఏడో చోట 9 పెట్టక తప్పదు. కాబట్టి 147258963, 741258963, ఈ రెండే. ఏడు అంకెల దగ్గర చూస్తే 1472589ని 7తో భాగిస్తే శేషం 6, 7412589కి శేషం 2. రెండూ పోయాయి. 6, 5, 4 దారిలో రెండో చోట 8, ఎనిమిదో చోట 2. అదే 8 సూత్రంతో చూస్తే ఏడో చోట 3 గానీ 7 గానీ ఉండాలి. అక్కడ ఎనిమిది సంఖ్యలు మిగులుతాయి. వాటి మొదటి ఏడు అంకెలను ఒక్కోదాన్ని 7తో భాగించుకుంటూ వెళ్లాం. 1896543కి శేషం 5, 9816543కి 2, 7896543కి 4, 9876543కి 5, 1836547కి 6, 1896547కి 2, 9816547కి 6. మిగిలింది ఒక్కటే, 3816547. ఏడు అయిదు లక్షల నలభై అయిదు వేల రెండు వందల ఇరవై ఒకట్లు. శేషం సున్నా.

381654729. మూడు లక్షల అరవై రెండు వేల ఎనిమిది వందల ఎనభై సంఖ్యల్లో ఒకే ఒక్కటి. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, కింద రెండు గీతలు గీసింది.

మరి దీన్ని ముందుకు పొడిగిస్తే? పదో చోట 0, పదకొండో చోట 6, పన్నెండో చోట 0, పదమూడో చోట 8. ఎక్కడా రెండో దారి లేదు. 3816547290608. పద్నాలుగో చోట 12 వేయాల్సి వచ్చింది. ఇంత అందమైన సంఖ్య వంశం పదమూడో తరంలోనే నిలిచిపోయింది. మరి ఎక్కువ దూరం వెళ్లేది ఎవరి వంశం అని పిల్లలు పట్టుబట్టారు.

చేత్తో అయ్యే పని కాదు. ఇంజనీరింగ్ చదివే మా మరిది కొడుకు సెలవులకు వచ్చాడు, వాడికి చెప్తే "ఇదెంత పెద్దమ్మా" అని ఫోన్‌లోనే పది పదిహేను లైన్లు రాశాడు. జవాబు క్షణంలో వచ్చేసింది. అయినా ఆ అంకెల వరస దగ్గర మేము రెండు రోజులు గడిపాం. ఒక అంకెవి 9. రెండంకెలవి 45. తరవాత 150, 375, 750, 1200, 1713, 2227. తొమ్మిది అంకెలవి 2492, పదంకెలవి కూడా 2492. అక్కడి నుంచి దిగుతుంది: 2225, 2041, 1575, 1132, 770, 571, 335, 180, 90, 44, 18, 12, 6, 3, 1. ఆ తరవాత సున్నా. మొత్తం కలిపితే 20,456.

ఒక వంశవృక్షం లాగా చూడండి. తొమ్మిది మంది మూలపురుషులు, తొమ్మిదో తరానికి 2492 మంది వారసులు. పదో తరంలో కూడా అంతే మంది ఎందుకంటే పదో చోట సున్నా తప్ప ఇంకోటి పట్టదు, ప్రతి ఇంటికీ సరిగ్గా ఒక్క బిడ్డ. అయిదో తరంలో 375 కాస్తా 750 కావడానికీ కారణం అలాంటిదే, 0, 5 రెండూ చెల్లుతాయి కాబట్టి ఇంటికి ఇద్దరు. పదకొండో తరం నుంచి కొన్ని ఇళ్లలో పిల్లలు లేకుండా పోతారు.

ఈ పెరగడం తగ్గడం వెనక ఉన్న లెక్క నాకు అన్నిటికంటే నచ్చింది. కొత్తగా వేయడానికి పది అంకెలున్నాయి. 2తో పోవాలంటే పదిలో సగం చెల్లుతాయి, అంటే సంఖ్యలు 5 రెట్లవుతాయి. 3కి సగటున 3.33 రెట్లు, 4కి రెండున్నర, 5కి రెండు. 10 దగ్గర సరిగ్గా ఒకటి. 20 దగ్గర సగం, 25 దగ్గర 0.4. వీటన్నిటినీ వరసగా గుణిస్తే ఎన్ని సంఖ్యలుండాలో ఒక అంచనా వస్తుంది. పదంకెలకి ఆ అంచనా 2480, నిజంగా ఉన్నవి 2492. ఇరవై అంకెలకి అంచనా 37, నిజంగా 44. ఇరవై అయిదుకి, 9 పక్కన 24 సున్నాలు పెట్టి 1 నుంచి 25 వరకు వరసగా గుణిస్తే వచ్చేదానితో భాగించండి, 0.58 వస్తుంది. ఉన్నది ఒకటి. ఇరవై ఆరుకి అంచనా 0.22, ఉన్నది సున్నా. ప్రోగ్రామ్ నడపకముందే ఈ వంశం సుమారుగా ఎక్కడ ఆగుతుందో కాగితం మీద చెప్పేయొచ్చన్నమాట. మా మరిది కొడుకు ఇది చూశాక ఫోన్ పక్కన పెట్టి పెన్ను అడిగాడు.

చివరి మెట్లు మాత్రం ప్రోగ్రామ్‌కి వదల్లేదు, పిల్లల చేతే చేయించాను. ఇరవై నాలుగు అంకెల దాకా బతికినవి మూడు. ఇవీ:

144408645048225636603816
360852885036840078603672
402852168072900828009216

25తో పోవాలంటే చివరి రెండు అంకెలు 00, 25, 50, 75లో ఏదో ఒకటి కావాలి. మొదటిదీ మూడోదీ 6తో ముగిశాయి. వాటి పక్కన ఏది వేసినా అరవైల్లోనే ఉంటాం, అరవైల్లో 25తో పోయేది లేదు. ఈ రెండింటినీ కొట్టేయడానికి ఆరో తరగతివాడికి అర నిమిషం పట్టింది, భాగారం అవసరమే రాలేదు. మధ్యది 2తో ముగిసింది. పక్కన 5 వేస్తే 25. అంతే, 25 అంకెల సంఖ్య పుట్టేసింది. "ఇవన్నీ ఎందుకు" అని అడిగిన పిల్లే ఆ 5 రాసింది.

తరవాత 26. పక్కన సున్నా పెట్టి 26తో భాగించమన్నాను. గోడ సగం నిండింది. ఇద్దరు చేస్తుంటే మిగతావాళ్లు పైకి చదువుతున్నారు, కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, సున్నా దగ్గర మాత్రం అందరూ జీరో అంటున్నారు. మొదటిసారి తప్పు వచ్చింది, మళ్లీ చేశారు. శేషం 12. అంటే వేయాల్సింది 14.

సంఖ్యలకు అంతం లేదని చిన్నప్పటి నుంచి పిల్లలకు చెప్తూనే ఉంటాం, ఎంత పెద్దది చెప్పినా దానికి ఒకటి కలపమంటాం. అదే సంఖ్యల మధ్య ఒక వంశం తొమ్మిది మందితో మొదలై, వేలల్లోకి పెరిగి, చివరికి ఒక్కటై ఆగిపోవడం, ఆగిందని ఆరో తరగతి పిల్లలు కూడా సరిచూడగలగడం నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

వానలు మొదలయ్యాక అరుగు మీదికి జల్లు కొట్టి మొదటి నాలుగు అంకెలు చెరిగిపోయాయి. మా మామగారు పిల్లల్ని పిలిచి మళ్లీ రాయించారు. తిరిగి రాసేటప్పుడు ప్రతి అంకె దగ్గరా ఆగి, నిజంగా పోతోందో లేదో చూసుకుని మరీ రాశారట.